జూన్‌లో ముగిసిన వేసవి

వార్షిక సంచిక తెలుగు విభాగానికి ఒక వ్యాసం కావలెనని సంపాదకవర్గంవారు అడిగినప్పుడు, ప్రబంధాలలోని ఋతువర్ణనను గురించియో గురజాడను గురించియో వ్రాస్తామని వారు అనుకొని ఉండవచ్చును. మేమూ అట్లే అనుకొన్నాము. కాని ఏడాది కాలంగా మా మనస్సును విడువని విషయం వేరొకటి ఉన్నది. అది 2004లో అమెరికాలో వెలువడిన ఒక గీతసంపుటి. పేరు 'ఆఫ్ మాలిస్ అండ్ ది మ్యాగ్నమ్ హార్ట్'. దానిని కూర్చి వాయించిన బృందం మిజరీ సిగ్నల్స్. 'మెలోడిక్ మెటల్‌కోర్' అని పిలువబడే సంగీతశాఖకు చెందినది. తెలుగు అధ్యాపకునికి ఈ గోల ఎందుకని కమిటీలోని పెద్దలు నొసలు చిట్లిస్తారేమో! ఏడాది క్రితం మేమూ చిట్లించినవారమే.

హాస్టలు పర్యవేక్షణ మా వంతు అయిన రోజులలో, ఒక రాత్రి పదకొండు దాటిన పిమ్మట ఒక గదిలోనుండి అరుపులు వినవచ్చినవి. ఎవరో కొట్టుకొంటున్నారని పరుగున వెళ్ళాము. తీరా చూస్తే రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడు చిన్న స్పీకరు ముందు ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. "ఇది సంగీతమా? కట్టెయ్యి" అని గద్దించాము. కట్టివేశాడు. మారుమాట అనలేదు. మరునాడు స్టాఫ్ రూము గుమ్మం వద్ద నిలబడి, "సార్, అది చచ్చిపోయినవాళ్ళ కోసం పాడిన పాట సార్. మీరు క్లాసులో స్మృతికావ్యం అని చెప్పినారు కదా, అట్లాంటిదే" అన్నాడు. అతని అన్న అంతకు ముందటి సంవత్సరమే రోడ్డు ప్రమాదంలో మరణించిన సంగతి మాకు ఆ తరువాత ఇతరుల వలన తెలిసినది. ఆ సాయంత్రం అతని ఇయర్‌ఫోన్లు అడిగి తీసుకొని, సంపుటిని మొదటినుండి తుదివరకు విన్నాము. ఏమీ బోధపడలేదు. రెండవసారి తల నొచ్చినది. మూడవసారి విన్నప్పుడు గాని, మేము ఆ రాత్రి కట్టించివేసినది ఏమిటో మాకు తెలియలేదు.

ఈ సంగీతం ఎరుగనివారి కొరకు రెండు మాటలు. అమెరికాలో 1980ల నాటి హార్డ్‌కోర్ పంక్ అనే వీధి సంగీతానికీ, హెవీ మెటల్‌కూ జరిగిన సంయోగ ఫలితం మెటల్‌కోర్. స్వీడన్ దేశపు గోటెన్‌బర్గ్ నగరంలో ఎట్ ది గేట్స్, ఇన్ ఫ్లేమ్స్ మొదలైన బృందాలు 1990లలో రెండు గిటార్లను జంటస్వరాలుగా నడిపిన పద్ధతి దీనికి తోడైనప్పుడు, 'మెలోడిక్' అనే విశేషణం చేరినది. వేగంగా పోతున్న పాట హఠాత్తుగా మందగించి, బరువైన అడుగులు వేసే ఘట్టాన్ని 'బ్రేక్‌డౌన్' అంటారు. పిల్లలు ఎగిరేది అక్కడనే.

ఆ శాఖకు 2004 ఒక పండుగ సంవత్సరం. కిల్‌స్విచ్ ఎంగేజ్ వారి 'ది ఎండ్ ఆఫ్ హార్ట్‌ఏక్', షాడోస్ ఫాల్ వారి 'ది వార్ వితిన్', అన్ఎర్త్ వారి 'ది ఆన్‌కమింగ్ స్టార్మ్' ఆ ఏటనే వచ్చినవి. కిల్‌స్విచ్ వారి పాట గ్రామీ పురస్కారానికి ప్రతిపాదింపబడినది కూడా. నాడు విజయం పొందిన సూత్రాన్ని మన పరిభాషలో చెప్పవలెనంటే, చరణంలో గర్జన, పల్లవిలో మధురగానం. శ్రోత గర్జనను ఓర్చుకొంటాడు, పల్లవిని ఇంటికి తీసుకొనిపోతాడు. ఇందులో తప్పేమీ లేదు. మేమూ ఆ పల్లవులను విని ఆనందించినాము.

మిజరీ సిగ్నల్స్ వారి సంపుటిలో ఇంటికి తీసుకొనిపోవడానికి అట్టి పల్లవి దొరకదు. గాయకుడు జెస్సీ జరాస్కా దాదాపు ఆసాంతమూ గొంతు చించుకొనే ఉంటాడు. మాధుర్యమంతా గిటార్లలో ఉన్నది. రాయన్ మోర్గన్, స్టువర్ట్ రాస్ అనే ఇద్దరు వాయించే తీగెలను శ్రద్ధగా వింటే, పైన కంఠం విరిగిపోతూ ఉండగా క్రింద ఒక స్వరమాల నెమ్మదిగా, ఎవరినో ఓదారుస్తున్నట్లు సాగుతూ ఉంటుంది. కంఠం పలుకలేని మాటను తీగె పలుకుతుంది. ఈ సంపుటి మరుగున పడడానికి కారణమూ ఇదే, దాని గొప్పతనమూ ఇదేనని మా అభిప్రాయం. మెలోడీ ఎక్కడ ఉండవలెనని లోకం అనుకొన్నదో అక్కడ లేకపోవడంచేత, అసలే లేదని చాలామంది నిర్ణయించుకొన్నారు.

లయ సంగతి కూడా చెప్పవలె. రాయన్ సోదరుడు బ్రాండెన్ మోర్గన్ మద్దెల గతి సరిసంఖ్యలో నిలువదు. నాలుగు దెబ్బలకు అలవాటుపడిన చెవికి ఎక్కడో ఒక అడుగు తప్పినట్లుంటుంది. ఆటవెలది చదివిన మన విద్యార్థులకు ఇది కొత్త కారాదు. మూడు సూర్యగణాల మీద నడచి, ఉన్నట్టుండి రెండు ఇంద్రగణాలలోకి మారినప్పుడు కలిగే తూగు ఎట్టిదో, ఇదీ కొంతవరకు అట్టిదే. దుఃఖంలో నడిచేవాని అడుగు సమంగా పడదు కదా!

ఇక ఆ దుఃఖం ఎవరి కొరకో చెప్పవలసి ఉన్నది. అమెరికాలోని మిల్వాకీ నగరానికీ, కెనడాలోని ఎడ్మంటన్ నగరానికీ చెందిన యువకులు కలిసి ఏర్పరచుకొన్న బృందమిది. దీనికి ముందు సెవెన్ ఏంజెల్స్ సెవెన్ ప్లేగ్స్, కాంప్రమైజ్ అనే రెండు బృందాలు ఉండేవి. కాంప్రమైజ్ వారు పర్యటనలో ఉండగా వారి వ్యాను ప్రమాదానికి గురి అయి, ఇద్దరు సభ్యులు మరణించినారు. మిగిలినవారూ, మిత్రులూ కలిసి కట్టుకొన్న ఇల్లు మిజరీ సిగ్నల్స్. ఆ ఇద్దరిని గురించిన పాట ఈ సంపుటికి గుండెకాయ వంటిది. దాని పేరును తెలుగులో చెప్పుకొంటే, 'వేసవి జూన్‌లోనే ముగిసిన సంవత్సరం'.

ఈ పేరు దగ్గర మేము చాలా రోజులు పొరబడినాము. జూన్‌లో వేసవి ముగియడంలో వింత ఏమున్నది? మృగశిర కార్తె ప్రవేశిస్తుంది, తొలకరి పడుతుంది, బడులు తెరుస్తారు. జూన్‌లో వేసవి ముగిస్తే మనకు ఊరట. ఆ విద్యార్థియే మమ్ము సరిదిద్దినాడు. "సార్, వాళ్ళకు ఎండాకాలం జూన్‌లోనే మొదలవుతుంది సార్" అన్నాడు. అంతే! ఆ ఒక్కమాటతో పాట తలక్రిందులైనది. మంచు కరగి, సెలవులు వచ్చి, యువకులు వ్యానులో వాద్యాలు వేసుకొని ఊరూరా తిరుగబోయే కాలం అది. ఆరంభంలోనే ముగిసిపోయిన వేసవి అది. పడుచు వయస్సులో పోయినవారికి ఇంతకు మించిన స్మృతిపదం వ్రాయడం కష్టం. పరదేశపు కవితను మన పంచాంగంతో చదివితే ఏమి జరుగునో మాకు బాగా తెలిసివచ్చినది.

స్మృతికావ్యాలు మనకు లేకపోలేదు. సతీవియోగంలో విశ్వనాథవారు వ్రాసిన 'వరలక్ష్మీ త్రిశతి' ఉన్నది. గాలిబ్ మరణంపై హాలీ వ్రాసిన మర్సియా ఉర్దూ విభాగం మిత్రులకు కంఠస్థం. వాటిలో శోకం పదాలలో నిలిచి ఉన్నది. ఇక్కడ పదాలు అరుపులో మునిగిపోతవి, కాగితం చూచుకొనక తప్పదు. దీనినే కొందరు దోషమంటారు. చావింట శోకాలు పెట్టేవారి ఉచ్చారణను ఎవరైనా తప్పు పట్టినారా?

లోపాలు లేవని మేము అనము. గర్జనలో హెచ్చుతగ్గులు తక్కువ. సుమారు నలభై నిమిషాల సంపుటిలో చివరి భాగానికి వచ్చేసరికి చెవి అలసిపోతుంది. గీతాలలో కొన్నిచోట్ల పడుచువాని డైరీలోని ఆవేశం కనిపిస్తుంది. ధ్వనిని తీర్చిదిద్దినవాడు కెనడాకు చెందిన డెవిన్ టౌన్‌సెండ్. స్వయంగా పెద్ద వాద్యకారుడు. ధ్వనిపై ధ్వనిని పొరలుగా పేర్చడంలో సిద్ధహస్తుడు. ఆ పొరల నడుమ గిటారు రాగం నలిగిపోకుండా కాపాడినందుకు అతనికి ఎంతైనా ఋణపడి ఉండవలె.

ఆ తరువాత గాయకుడు మారినాడు. 2006లో కార్ల్ షూబాక్ గొంతుతో 'మిర్రర్స్' వచ్చినది. మంచి సంపుటియే, కాని మొదటిది దాని నీడలో పడినది. పదేండ్లు నిండిన 2014లో పాతవారు మళ్ళీ కూడి ఈ పాటలనే పాడుతూ పర్యటించినారు. ఆ ప్రయాణాన్నీ, వెనుకటి ప్రమాదాన్నీ కలిపి 'యెస్టర్‌డే వాజ్ ఎవ్రీథింగ్' అనే చిత్రం తీసినారు. 2020 నాటి 'అల్ట్రావైలెట్'లో జరాస్కా గొంతు మళ్ళీ వినిపించినది. కనుక ఈ శాఖలో లోతుగా మునిగినవారు దీనిని మరువలేదు. మరచినవారు బయటివారు. 2004ను తలచినప్పుడెల్లా గ్రామీ పేరు, అమ్మకాల పేరు చెప్పి, ఈ పేరును దాటిపోయేవారు.

సాహితీ సమితి తరఫున మేము కమిటీవారికి ఒక అర్జీ పెట్టుకొన్నాము. ఒక గురువారం సాయంత్రం సెమినార్ హాలు, రెండు మంచి స్పీకర్లు, గీతాల ప్రతులు ముప్పది. ముందుగా ఆ విద్యార్థి పది నిమిషాలు మాట్లాడుతాడు, తరువాత సంపుటి మొత్తం వినిపిస్తాము. మాట్లాడడానికి అతడు మొదట ఒప్పుకొనలేదు. రెండు వారాలు ఆలోచించి, అన్న పేరు చెప్పనవసరం లేదంటే మాట్లాడుతానన్నాడు. చెప్పనవసరం లేదన్నాము. ప్రక్కనే పరీక్షల విభాగం ఉన్నదని పెద్దలు సందేహిస్తున్నట్లు విన్నాము. తలుపులు మూసుకొని వింటామని ఇందుమూలముగా మనవి చేసుకొంటున్నాము.