కుందేలు పగలు ఎక్కడ ఉంటుంది?

పిల్లలూ! మా తుంగతుర్తి చుట్టుపక్కల ఎర్ర చెలకలూ, రాళ్ళగుట్టలూ, ముళ్ళపొదలూ ఉన్నవి. వాటిలో కుందేళ్ళు ఉన్నవి. కొందరు చెవులపిల్లి అంటారే, అదే. కాని పగటిపూట చెలకంతా తిరిగినా ఒక్కటి కనపడటం కష్టం. పొద్దున పోయి చూస్తే గట్టుమీద గుండ్రటి పెంటికలు మాత్రం ఉంటవి. మరి పగలంతా ఈ కుందేలు ఎక్కడ ఉన్నట్టు?

"బొరియలో!" అని మీరు వెంటనే అంటారు. మా బడిలో కూడా ఏటా పిల్లలు ఇదే జవాబు చెప్పేవాళ్ళు. అది సరి కాదు. బొరియలు తవ్వి కాపురముండేది ఐరోపాకు చెందిన వేరే జాతి. మనం ఇళ్ళలో పెంచే తెల్లకుందేళ్ళు దాని సంతతే. మన చెలకల కుందేలు పేరు శాస్త్రజ్ఞుల భాషలో "లెపస్ నైగ్రికాలిస్". అంటే నల్లమెడ కుందేలు అన్నమాట. దాని మెడ వెనక నల్లటి మచ్చ ఉంటుంది.

ఇది పగలు గడ్డిదుబ్బు మధ్య తన ఒంటికి సరిపడే చిన్న గుంట చేసుకుని, చెవులు వీపుకు ఆనించి, కదలకుండా కూర్చుంటుంది. దాని రంగు మట్టిలో, ఎండుగడ్డిలో కలిసిపోతుంది. కళ్ళు తలకు రెండు పక్కలా ఉండటంచేత వెనకనుంచి వచ్చేవాణ్ణి కూడా కనిపెడుతుంది. మీరు బాగా దగ్గిరికి వచ్చినదాకా ఊరుకుని, ఒక్క దూకున లేచి పరుగు తీస్తుంది.

మరి పగలంతా ఆకలి కాదా? రాత్రి మేసిన మేతలో కొంత మెత్తటి ఉండలుగా బయటికి వస్తుంది. పడకలో కూర్చుని వాటిని మళ్ళీ మింగుతుంది. నవ్వకండి! ఆవు నెమరు వెయ్యటం లేదా? ఇదీ అటువంటిదే. మొదటిసారి అందని సారం రెండోసారి ఒంటికి పడుతుంది. పొద్దుగుంకగానే లేచి మేతకు పోతుంది. తెల్లవారేసరికి మళ్ళీ పడక చేరుతుంది.

కాలం మారితే పడక మారుతుంది. రోహిణి కార్తె ఎండలకు పొదల నీడ కావాలి. చలికాలంలో గాలి తగలని చోటు కావాలి. పైరు ఎదిగితే పైరులో దాక్కుంటుంది. కోతలు కాగానే పొదలకు పోతుంది. కూనలు ఏడాది పొడుగునా పుట్టినా, పచ్చిక దండిగా ఉండే వానకాలంలో ఎక్కువ.

నేను కొత్తగా పంతులుగా చేరినప్పుడు, ఒక వానకాలంలో, పెసరచేను గట్టున కుందేలుకూన ఒంటరిగా కనిపించింది. "అయ్యో, తల్లి లేదు!" అనుకుని ఇంటికి తెచ్చి, దూదితో బర్రెపాలు పట్టాను. మూడో నాడు అది చచ్చిపోయింది.

దానికి తల్లి లేకపోవటం కాదు, నాకు తెలియకపోవటం! కుందేలుకూన ఒంటినిండా బొచ్చుతో, కళ్ళు తెరుచుకునే పుడుతుంది. తల్లి దాన్ని గడ్డిలో వదిలి దూరంగా ఉంటుంది. తల్లి అక్కడే ఉంటే నక్కలకూ కుక్కలకూ ఆచూకీ దొరకదూ? ఐరోపా కుందేళ్ళను రాత్రిళ్ళు కాపు కాసి చూసిన శాస్త్రజ్ఞులు, తల్లి రోజుకు ఒక్కసారి, పొద్దుగుంకిన తరవాత వచ్చి, కొద్ది నిమిషాలు పాలిచ్చి పోతుందని కనుక్కున్నారు. నేను కూనను తెచ్చిన నాటి సాయంత్రం ఆ తల్లి కూడా గట్టుకు వచ్చి వెతికి ఉంటుంది.

చాలా ఏళ్ళకు, నేను హెడ్మాస్టరుగా ఉండగా, ఒక పిల్లవాడు చొక్కాలో కూనను దాచి బడికి తెచ్చాడు. వాణ్ణి నేను కోప్పడలేదు. సాయంత్రం కాకముందే ఇద్దరం పోయి, తెచ్చినచోటనే పెట్టి వచ్చాము. మర్నాడు అది అక్కడ లేదు. గెంతుకుంటూ పోయిందో, నక్క పాలయిందో చెప్పలేను. కాని తల్లి వచ్చే వేళకు అది తన చోట ఉన్నది. మేము చెయ్యగలిగింది అంతే.

కనక గడ్డిలో కూన కనిపిస్తే ముట్టుకోక వచ్చిన దారినే పోండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవికుందేలును వేటాడటం నేరం కూడాను.

కుందేలును చూడాలని ఉన్నదా? వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే పెద్దవాళ్ళ వెంట చెలకకు పోయి, మెత్తటి మట్టిలో అడుగులు వెతకండి. రెండు చిన్న అడుగులు ఒకదాని వెనక ఒకటి, రెండు పొడుగాటి అడుగులు పక్కపక్కన ఉంటవి. పరుగెత్తేటప్పుడు దాని వెనకకాళ్ళు ముందుకాళ్ళను దాటి పడతవి. మరి రాత్రి కుందేలు ఎటు పోయినట్టు? చెప్పుకోండి చూద్దాం!