గజ్జికి మందు, కొవిడ్‌కి తాయెత్తు

2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య అనే ఆయన కొవిడ్‌కి ఇచ్చే మందు కోసం వేలమంది బారులు తీరారు. కంట్లో వేసే ఆ చుక్కలకు ఆధారం ఏమిటని హేతువాదులు గట్టిగా అడిగారు. అడగాల్సిందే. అయితే అదే నెలలో చదువుకున్నవాళ్ళ ఇళ్ళలో, వాట్సాప్ గ్రూపుల్లో మరో మందు పేరు తిరుగుతూ ఉంది. అది ఐవర్‌మెక్టిన్. పన్నెండు మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి చొప్పున మూడు రోజులు వాడాలని ఒకరు, ఐదు రోజులని మరొకరు చెప్పుకున్నారు. జబ్బు వచ్చినవాళ్ళు తగ్గాలని మింగారు, రానివాళ్ళు రాకూడదని మింగారు. దీనికి ఆధారం ఏమిటని అడిగినవాళ్ళు మాత్రం నాకు పెద్దగా కనిపించలేదు. అది కంపెనీ తయారుచేసిన మాత్ర కదా, మెడికల్ షాపులో దొరుకుతుంది కదా అన్న ధీమా.

నా అభ్యంతరం ఆ ధీమా మీదే. ఒక నమ్మకం మూఢమా కాదా అన్నది చేతిలో ఉన్నది ఆకు పసరా, కంపెనీ మాత్రా అన్నదాన్ని బట్టి తేలదు. దాన్ని ఎందుకు నమ్మామో, ఏ ఆధారం చూసి నమ్మామో అడిగితే తేలుతుంది. డాక్టరు బరువు చూసి గజ్జికి రాసిచ్చిన ఐవర్‌మెక్టిన్ వైద్యం. ఎవరో ఫార్వర్డ్ చేశారని కొవిడ్‌కి మింగిన ఐవర్‌మెక్టిన్ తాయెత్తు. మాత్ర అదే.

ఈ మందు గొప్పతనాన్ని కాదనడం నా ఉద్దేశం కాదు. జపాన్‌లోని కితసాతో సంస్థలో పనిచేసిన సతోషి ఓమురా 1970లలో ఇతో పట్టణం దగ్గర తీసిన మట్టిలోంచి ఒక సూక్ష్మజీవిని వేరుచేశాడు. అమెరికాలో మెర్క్ కంపెనీలో విలియం క్యాంప్‌బెల్ బృందం దాని నుంచి పురుగులను చంపే పదార్థాన్ని తీసి, మెరుగుపరిచి ఐవర్‌మెక్టిన్ చేసింది. 1981లో అది పశువుల మందుగా వచ్చింది. 1987లో మనుషులకు, ఆఫ్రికాలో నల్ల ఈగ కాటు వల్ల వ్యాపించి చూపు పోగొట్టే నదీ అంధత్వానికి వాడకం మొదలైంది. ఆ జబ్బుకి ఎంత కావాలంటే అంత, ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు ఉచితంగా ఇస్తామని కంపెనీ అప్పుడే ప్రకటించింది. కొలంబియా 2013లో ఆ జబ్బు నుంచి బయటపడినట్టు ధ్రువీకరణ పొందింది. 2025లో నైజర్‌కు ఆ గుర్తింపు దక్కింది, ఆఫ్రికాలో అదే మొదటి దేశం. ఓమురాకు, క్యాంప్‌బెల్‌కు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇన్ని కోట్లమందికి మేలు చేసిన మందులు చరిత్రలో ఎక్కువ లేవు.

ఆ మేలు వెనకాల ఉన్నది లెక్క. పురుగుల నరాల్లో, కండరాల్లో ఒక రకం ద్వారాలుంటాయి. ఐవర్‌మెక్టిన్ వాటిని తెరిచి పెట్టేస్తుంది, పురుగు చచ్చుబడిపోతుంది. మనుషుల్లో ఆ రకం ద్వారాలు లేవు. వాటిని పోలినవి మెదడులో ఉన్నా, మందును మెదడులోకి చేరనీయకుండా ఒక ప్రొటీన్ ఎప్పటికప్పుడు బయటికి నెట్టేస్తూ ఉంటుంది. కోలీ జాతి కుక్కల్లో చాలావాటికి ఆ ప్రొటీన్ జన్యువు దెబ్బతిని ఉంటుంది. అందుకే మిగతా కుక్కలు తట్టుకునే మోతాదే వాటి ప్రాణం తీయగలదు. మనకు ఆ కట్టడి ఉంది కాబట్టి భయం లేదనుకోకూడదు. మోతాదు మించితే కట్టడి చాలదు. వాంతులు, తల తిరగడం, చూపు మసకబారడం, నడకలో తూలడం, మతి స్థిమితం తప్పడం, ఫిట్స్, చివరికి కోమా దాకా పోవచ్చు. మింగే తీరు కూడా లెక్కలోకి వస్తుంది. కొవ్వు ఎక్కువున్న భోజనంతో వేసుకుంటే దాదాపు రెండున్నర రెట్లు మందు రక్తంలోకి చేరుతుందని మందు వివరపత్రంలోనే ఉంది.

మరి కొవిడ్‌కి దీని పేరు ఎలా వచ్చింది? 2020 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రయోగశాలలో పెంచిన కణాల మీద దీన్ని పోస్తే వైరస్ తగ్గిందని ప్రచురించారు. ఆ ప్రయోగంలో వాడిన గాఢత, మామూలు మోతాదు మింగిన మనిషి రక్తంలో చేరేదానికి కనీసం యాభై రెట్లు. ఈ ఒక్క వాక్యం ఫార్వర్డ్‌లలో ఎక్కడా లేదు. ఆ తర్వాత ఈజిప్టు నుంచి ఒక అధ్యయనం వచ్చింది, మరణాలు బాగా తగ్గాయంది. దాని వివరాలు తిరగేస్తే అధ్యయనం మొదలవకముందే చనిపోయినవాళ్ళు కూడా అందులో లెక్కకొచ్చారు. 2021 జులైలో దాన్ని ఉపసంహరించారు. అప్పటికే అది లోకమంతా పాకింది.

మన దగ్గర 2021 ఏప్రిల్‌లో ఎయిమ్స్, ఐసీఎంఆర్ సూచనల్లో తేలికపాటి జబ్బుకు 'వాడవచ్చు' అన్న వరుసలో ఈ మందు చేరింది. మే 10న గోవా ప్రభుత్వం పద్దెనిమిదేళ్ళు దాటిన అందరికీ, జబ్బున్నా లేకున్నా, ఇస్తామని ప్రకటించింది. పరిశోధనల్లో తప్ప కొవిడ్‌కి వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అప్పటికే, మార్చి 31నే చెప్పి ఉంది. తయారుచేసిన మెర్క్ కంపెనీ ఫిబ్రవరిలోనే పనిచేస్తుందనడానికి ఆధారం లేదంది. అమ్ముకునేవాడే వద్దంటుంటే కొనేవాళ్ళు పోటీపడ్డారు. సెప్టెంబరులో మన జాతీయ సూచనల నుంచి దాన్ని తీసేశారు. 2022 మార్చిలో బ్రెజిల్‌లో 1,358 మంది మీద జరిగిన పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. ఆసుపత్రి పాలవడాన్ని ఐవర్‌మెక్టిన్ తగ్గించలేదు. ఎవరికి మందు వేశారో, ఎవరికి ఉత్తుత్తి మాత్ర వేశారో రోగికీ వైద్యుడికీ తెలియకుండా చేసే ఇలాంటి పరీక్షే ఈ విషయంలో తీర్పు చెప్పాలి. మా బావగారికి తగ్గింది అన్నది తీర్పు కాదు. కొవిడ్ వచ్చిన ఎక్కువమందికి ఏమీ వేసుకోకపోయినా తగ్గింది.

ఇక్కడ ఒక విషయం దగ్గర కాస్త ఆగాలి. కొన్ని చిన్న పరీక్షల్లో మాత్రం మేలు కనబడింది కదా, అవన్నీ అబద్ధాలేనా? స్ట్రాంజిలాయిడిస్ అని ఒక పురుగుంది. చెప్పుల్లేకుండా మట్టిలో నడిస్తే పాదాల చర్మం గుండా లోపలికి పోయి, పేగుల్లో ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా ఉంటుంది. కొవిడ్ ముదిరిన రోగికి స్టెరాయిడ్ ఇస్తే ఒంట్లో రోగనిరోధకశక్తి తగ్గుతుంది, అప్పుడు ఈ పురుగు విపరీతంగా పెరిగి ప్రాణం మీదికి తెస్తుంది. దానికి ఐవర్‌మెక్టినే సరైన మందు. మేలు కనబడిన పరీక్షలు ఈ పురుగు ఎక్కువున్న ప్రాంతాల్లోనే జరిగాయని 2022లో ఒక విశ్లేషణ చూపించింది. అంటే అక్కడ మందు పనిచేసి ఉంటే అది కొవిడ్ మీద కాకపోవచ్చు, తనకు తెలిసిన పురుగు మీదే కావచ్చు. ఎందుకు తగ్గింది అని అడగడం మొదలుపెడితే ఇంత దూరం వస్తాం. తగ్గింది కదా అని ఊరుకుంటే తాయెత్తు దగ్గరే ఆగిపోతాం.

కొవిడ్ పోయినా నమ్మకం పోలేదు. ఇప్పుడు అదే మాత్ర క్యాన్సర్‌కి పనిచేస్తుందని వీడియోలు వస్తున్నాయి. మనుషుల్లో ఏ క్యాన్సర్‌నూ అది నయం చేసినట్టు రుజువు లేదు. కీమోథెరపీ మానేసి ఆ వీడియోల వెంట పోయిన రోగికి పోయిన నెలలు తిరిగి రావు.

గజ్జి దగ్గరికొస్తే తప్పులు మరో తీరుగా జరుగుతాయి. మన ఇళ్ళలో గజ్జి వస్తే ముందు పథ్యం మొదలవుతుంది. వంకాయ మానేస్తారు, చేపలు మానేస్తారు. గజ్జి పురుగు చర్మంలో సొరంగం చేసుకుని గుడ్లు పెడుతుంది, మీరు తిన్న వంకాయతో దానికి పనిలేదు. తర్వాత మెడికల్ షాపుకెళ్ళి దురద తగ్గే స్టెరాయిడ్ పూత తెచ్చి రాస్తారు. అది దురదను కప్పిపెడుతుంది, పురుగు మాత్రం హాయిగా పెరుగుతుంది. ఐవర్‌మెక్టిన్ ఇచ్చినప్పుడు మోతాదు కిలో బరువుకి 200 మైక్రోగ్రాములు. అరవై కిలోల మనిషికి అది పన్నెండు మిల్లీగ్రాములు. ఈ మందు గుడ్లను చంపదు. అందుకే అవి పొదిగి బయటికొచ్చాక చంపడానికి 7 నుంచి 14 రోజుల మధ్య రెండో మోతాదు ఇస్తారు. ఆ రెండోది ఎగ్గొట్టేవాళ్ళు ఎంతమందో, దురద పోలేదని మూడోది, నాలుగోది సొంతంగా మింగేవాళ్ళూ అంతమంది. పురుగు చచ్చినా దాని అవశేషాలు చర్మంలో ఉన్నంతకాలం, రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉంటుంది. అది మందు పనిచేయకపోవడం కాదు. ఇంట్లో అందరికీ ఒకేసారి వైద్యం జరగకపోయినా, బట్టలు, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతక్కపోయినా మాత్రం మళ్ళీ అంటుకుంటుంది. హాస్టళ్ళలో ఒక పిల్లాడికి మందిచ్చి పక్క మంచం పిల్లాడిని వదిలేస్తే జరిగేది ఇదే.

మందలున్న ఇళ్ళలో గొర్రెలకూ పశువులకూ వేసే ఐవర్‌మెక్టిన్ సీసా ఉంటుంది. ఇంజెక్షన్ మందైతే ఒక్క మిల్లీలీటరులో పది మిల్లీగ్రాములుంటుంది. ఒంటి మీద పోసే రకంలో గాఢత వేరు. వీటిలో కలిపిన ద్రవాలు మనుషుల కోసం పరీక్షించినవి కావు. మందు ఒకటే కదా అని చుక్కలు లెక్కపెట్టి మింగితే, చెంచా తేడా కూడా విషం కావచ్చు.

మరి అవసరమైనచోట ఏం చేస్తున్నాం? శ్రీకాకుళం, గోదావరి జిల్లాల్లో, నల్గొండ, కరీంనగర్ వైపు బోదకాలు తరాలుగా ఉంది. 2004 నుంచి బోదకాలు ఉన్న జిల్లాల్లో ఏటా ఇంటింటికీ మాత్రలు పంచుతున్నారు. డీఈసీ, ఆల్బెండజోల్ అనే మందులు ఇస్తారు. 2018 నుంచి దేశంలో కొన్ని జిల్లాల్లో మూడోదిగా ఐవర్‌మెక్టిన్ కలిపారు. కొవిడ్‌కి అడక్కుండా మింగిన మందునే ఇక్కడ ఆశా కార్యకర్త తెచ్చి ఇస్తే చాలామంది చేతిలోకి తీసుకుని అటకెక్కిస్తారు. అందుకే ఎదురుగా నిలబడి మింగించమని ఆశా కార్యకర్తలకు చెప్పాల్సి వచ్చింది. మాత్ర వేశాక కొందరికి జ్వరం, తలనొప్పి, కళ్ళు తిరగడం వస్తాయి. బాగున్నవాళ్ళకు రోగం తెచ్చారని ఊళ్ళో మాట పుడుతుంది. ఎక్కువసార్లు ఆ జ్వరం రక్తంలోని సూక్ష్మ పురుగులు చనిపోతున్నందుకు ఒళ్ళు చూపే స్పందన. పురుగులు ఎక్కువున్నవాళ్ళకే అది ఎక్కువ. కాలు వాయకముందే, తనకేమీ లేదనుకునే మనిషి రక్తంలోనే అవి తిరుగుతుంటాయి, దోమ వాటిని పొరుగింటికి చేరుస్తుంది. ఈ స్పందన ఎక్కడా ప్రమాదం కాదని కూడా అనడం లేదు. మధ్య ఆఫ్రికాలో లోవా అనే పురుగు రక్తంలో విపరీతంగా ఉన్నవాళ్ళకు ఐవర్‌మెక్టిన్ ఇస్తే కొందరి మెదడు దెబ్బతిన్నది. అక్కడ కొన్నిచోట్ల ముందు రక్తం చూసి ఇస్తున్నారు. ఆ పురుగు మన దేశపు సమస్య కాదు.

కాబట్టి నా విన్నపం ఇది. ఆశా కార్యకర్తలు బోదకాలు మాత్రలు తెస్తే అన్నం తిని, వాళ్ళ ఎదురుగానే వేసుకోండి. గర్భిణులు, బాగా జబ్బుపడినవాళ్ళు, పసిపిల్లలు వేసుకోకూడదు, ఆ సంగతి వాళ్ళకు ముందే చెప్పండి. గజ్జికైనా మరో పురుగుకైనా ఐవర్‌మెక్టిన్ డాక్టరు చీటీ మీదే కొనండి. మీ బరువు, గర్భం ఉందేమో, పాలిస్తున్నారేమో, కాలేయం జబ్బు ఉందేమో, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నారేమో డాక్టరుకి చెప్పండి. పదిహేను కిలోలు లేని పిల్లలకు ఈ మాత్ర వేయకండి, గజ్జికి వాళ్ళకు పూత మందుంది. ఎవరైనా ఎక్కువ మింగి తూలుతున్నా, చూపు మసకబారిందన్నా, మాట తడబడినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. మింగిన మందు షీటో సీసానో ఆసుపత్రికి వెంట తీసుకెళ్ళండి, ఎంత మింగారో దాచకుండా చెప్పండి.