ఎవరి పేర ఉంటే ఏంటి?

"ఎవరి పేర ఉంటే ఏంటి? ఇల్లు అందరిదీ కదా!" ఈ మాట మనకి కొత్త కాదు. వరంగల్‌లో విన్నాం, హైదరాబాదులో విన్నాం. దేశం దాటి జర్మనీ వచ్చాకా వింటున్నాం. నిజంగానే ఎవరి పేర ఉన్నా ఒకటే అయితే, ఒక్కసారైనా మన పేర ఎందుకు ఉండదు?

నేనుండే ఊరు హెరెన్‌బర్గ్. స్టుట్‌గార్ట్ నుంచి వచ్చే ఎస్-1 లోకల్ రైలుకి చివరి స్టేషన్. కొండవాలున పాత చర్చి, అందులో గంటల మ్యూజియం, చెక్క దూలాలు బయటికి కనబడే ఇళ్లు. చూడ్డానికి ముచ్చటైన ఊరే. కార్ల పరిశ్రమని నమ్ముకుని స్టుట్‌గార్ట్ చుట్టుపక్కలకి వచ్చిన తెలుగు కుటుంబాలు, నగరంలో ఇల్లు కొనలేక, ఇలా రైలు పట్టాల వెంబడి బయటికి జరుగుతుంటాయి. పొద్దున్నే మగవాళ్లు రైలెక్కుతారు. చీకటిపడ్డాక దిగుతారు. మధ్యలో ఊరుని నడిపేదెవరు?

మా చిన్నవాడికి దొరికిన కిండర్‌గార్టెన్ మధ్యాహ్నానికే మూసేస్తారు. ఏడాది నిండిన ప్రతి బిడ్డకీ సంరక్షణ కేంద్రంలో చోటు 2013 ఆగస్టు నుంచి ఇక్కడ చట్టబద్ధమైన హక్కు. కానీ ఆ చోటు ఎన్ని గంటలనే దగ్గర తల్లి ఉద్యోగం ఆగిపోతుంది. బడిపిల్లలకి రోజంతా సంరక్షణ హక్కు కల్పిస్తూ 2021లో చట్టం చేశారు. అది కూడా 2026 ఆగస్టులో ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏడాదికొక తరగతి చొప్పున అమలవ్వాలి. ఆదివారం దుకాణాలుండవు. మెట్లూ వాకిలీ వంతులవారీగా ఊడ్చే 'కేర్‌వోహె' అనే ఆచారం ఈ ప్రాంతానిది. ఈ ఏర్పాట్లన్నిట్లో ఒక ఊహ దాగుంది: ఇంటి దగ్గర ఒక ఆడమనిషి ఉంటుందని. ఆ ఆడమనిషి లేకపోతే పొద్దుటి రైలు ఖాళీగా వెళ్తుంది.

ఈ ఊహ గాలిలోంచి పుట్టలేదు. స్త్రీపురుషులు సమానమన్న వాక్యాన్ని 1949 రాజ్యాంగంలో పెట్టించడానికి ఎలిజబెత్ సెల్బెర్ట్ లాంటి వాళ్లు గట్టిగా పోరాడాల్సి వచ్చింది. అయినా పశ్చిమ జర్మనీలో పెళ్లైన స్త్రీ బయట పనిచెయ్యాలంటే, సంసార బాధ్యతలకి అడ్డురాకుండా ఉంటేనే అన్న నియమం 1977 దాకా చట్టంలో ఉంది. 1958లో తెచ్చిన, భార్యాభర్తల ఆదాయాన్ని కలిపి రెండుగా చీల్చి పన్ను వేసే పద్ధతి ఇంకా నడుస్తోంది. ఒకరు బాగా సంపాదించి ఇంకొకరు ఇంట్లో కూర్చుంటే లాభం ఎక్కువ. మామూలుగా అయ్యేదేంటంటే ఆయన మూడో పన్ను తరగతిలోకి, ఆవిడ ఐదో తరగతిలోకి. నెల జీతంలో ఆవిడకి కోత ఎక్కువ. "నీ ఉద్యోగం వల్ల మనకి మిగిలేదేముంది?" అనే మాటకి లెక్కల బలం ఇక్కణ్ణుంచే వస్తుంది. వృక్షశాస్త్రం పాఠాలు చెప్పిన నేను మినీజాబ్‌కి చేరింది ఈ లెక్కల గుండానే.

ఇప్పుడు ఇంటి సంగతి. ఈ రాష్ట్రంలో ఇల్లు కొంటే ధర మీద 5 శాతం పన్ను. నోటరీకీ రిజిస్టరుకీ కలిపి ఇంచుమించు 2 శాతం. మధ్యవర్తి ఉంటే ఆయన రుసుము వేరే. ఈ పై ఖర్చులు సొంత డబ్బులోంచి తెమ్మని బ్యాంకులు సాధారణంగా అడుగుతాయి. మా సొంత డబ్బులో పెద్ద భాగం ఎక్కడిది? పసుపుకుంకుమల కింద మా అమ్మ నాకిచ్చిన ఎకరం పది గుంటల చెలక అమ్మితే వచ్చింది. మేం వెళ్లిన బ్యాంకులో అధికారి గంటసేపు మా ఆయన ముఖమే చూసి మాట్లాడాడు. చివర్లో అప్పు కాగితాలు మాత్రం నా వైపు కూడా జరిపాడు. తీర్చే బాధ్యత ఇద్దరిదీనట. నోటరీ ఆఫీసు నుంచి కొనుగోలు ఒప్పందం ముసాయిదా వచ్చింది. అందులో కొనుగోలుదారు ఒక్కరే. ఆయన.

సహచరుడు అని రాయాలనే నాకూ ఉంటుంది. కాగితాల దగ్గరికొచ్చేసరికి భర్తే మిగులుతాడు.

ఇక్కడ భూమికీ ఇంటికీ యజమాని ఎవరో చెప్పేది గ్రుండ్‌బుఖ్ అనే రిజిస్టరు. దాంట్లో మూడు విభాగాలు. మొదటి దాంట్లో యజమానులు, వాళ్ల వాటాలు. రెండో దాంట్లో దారి హక్కులాంటి ఇతరుల హక్కులూ ఆంక్షలూ. మూడో దాంట్లో బ్యాంకు తాకట్టు. మొదటి విభాగంలో లేని మనిషి పాతికేళ్లు ఆ ఇంట్లో వండినా, తుడిచినా, వాయిదాలకి సాయంపట్టినా యజమాని కాదు.

"ఇది జర్మనీ, విడిపోతే సగం మనకే వస్తుంది" అని ధైర్యం చెప్పే స్నేహితురాళ్లున్నారు. సగం నిజం. జర్మన్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, పెళ్లయ్యాక కూడా ఎవరి ఆస్తి వాళ్లదే. విడిపోయేటప్పుడు ఇద్దరి ఆస్తీ ఎంత పెరిగిందో లెక్కగట్టి, ఎక్కువ పెరిగినవాళ్లు ఆ తేడాలో సగం రెండోవాళ్లకి డబ్బుగా ఇవ్వాలి. డబ్బుగా. ఇంట్లో వాటాగా కాదు. ఉన్న ఆస్తంతా ఆ ఇల్లే అయితే భార్య ఒప్పుకోకుండా భర్త అమ్మలేడన్న రక్షణ కూడా ఆ చట్టంలో ఉంది, కాదనను. కానీ ఆ చట్టం మనందరికీ వర్తిస్తుందా? 2019 జనవరి 29 నుంచి అయిన పెళ్లిళ్లకి, వేరే చట్టాన్ని ఎంచుకోకపోతే, ముందు చూసేది పెళ్లయ్యాక దంపతులు మొదట కాపురం పెట్టిన దేశం. అంతకుముందు పెళ్లిళ్లకి ముందు చూసేది ఇద్దరి పౌరసత్వం. అంటే హైదరాబాదులో కాపురం పెట్టి తర్వాత ఇక్కడికొచ్చిన వాళ్ల లెక్క, ఇద్దరూ భారత పౌరులుగా ఎప్పుడో పెళ్లాడిన వాళ్ల లెక్క న్యాయవాదులకే చిక్కుముడి. మన హిందూ వివాహ చట్టంలో ఆస్తి పెరుగుదలలో సగమనే మాటే లేదు. ఏ చట్టం కాపాడుతుందో తెలియని చోట రిజిస్టరులో పేరే గట్టి ఆధారం.

"కట్టేది నేనే కదా" అంటారు. ఎవరు ఏం కడుతున్నారో చూద్దాం. ఆయన జీతం వాయిదాకి వెళ్తుంది. అది బ్యాంకు కాగితంలో నెలనెలా అచ్చవుతుంది. నా మినీజాబ్ డబ్బులు పాలకీ, బియ్యానికీ, పిల్లల చలికోట్లకీ వెళ్తాయి. వాటి రసీదులు చెత్తబుట్టలోకి పోతాయి. ఆయన డబ్బు గోడలవుతుంది, నా డబ్బు జీర్ణమైపోతుంది. ఇక జీతమే లేని చాకిరీకి రసీదు కూడా ఉండదు. ఆయన రోజూ రైలు అందుకోగలిగేది ఆ చాకిరీ వల్లే అయినప్పుడు ఆ జీతంలో నా పాలు లేదంటే ఎలా?

"నమ్మకం లేదా?" ఇది ఆఖరి అస్త్రం. ఉంది. ఆ నమ్మకంతోనే అడిగాను, మొత్తం నా ఒక్కదాని పేరే రాయిద్దామా అని. అప్పటిదాకా ఎవరి పేర ఉన్నా ఒకటే అన్న మనిషి వారంపాటు నాతో సరిగా మాట్లాడలేదు. నమ్మకం భార్యల వైపు నుంచే ప్రవహించే నదిలా ఉంది. ముసాయిదా మార్పించాను. చెరి సగం.

నోటరీ మొత్తం ఒప్పందాన్ని పైకి చదవాలన్నది ఇక్కడి చట్టం. భాష రాని కొనుగోలుదారుకి అనువదించి వినిపించాలి. ఇద్దరూ కొంటున్నప్పుడు భర్త దుబాసీగా కూర్చోడానికి వీల్లేదు. నాకీ నియమం ఎంత నచ్చిందో! భార్యకి అర్థమయ్యేలా భర్త చెబుతాడులే అని నమ్మని చట్టాన్ని ఇక్కడ చూశాను.

మనవైపు ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి హక్కు రాయడానికి ఆంధ్రప్రదేశ్‌లో 1985 దాకా, దేశమంతటికీ 2005 దాకా పట్టింది. అదీ అప్పటికి పెళ్లికాని వాళ్లకేనని 1985 చట్టం గీత గీసింది. అంత కష్టపడి చేతికొచ్చిన నేలని అమ్మి, ఆ డబ్బుని పరాయి దేశంలో భర్త పేర గోడలుగా మార్చేస్తే, ఆ పోరాటాన్ని మనమే వెనక్కి తిప్పినట్టు కాదా?

అందుకే ఇల్లు కొనబోతున్న స్త్రీలకి చెప్తున్నాను. ముసాయిదా మీ చేతికి రానివ్వండి. దుబాసీని అడగండి. పుట్టింటి డబ్బు పెడితే అది ఎవరిదో, ఎంతో రాయించుకోండి. మొదటి విభాగంలో పేరు లేకుండా అప్పు కాగితం మీద సంతకం పెట్టకండి. అద్దెకుంటే అద్దె ఒప్పందంలో పేరు పెట్టించండి. ఈ దేశంలో సగం మందికి పైగా అద్దె ఇళ్లల్లోనే ఉంటారు, వాళ్లకీ ఇదే లెక్క. వీటిల్లో ఏ ఒక్కటి అడిగినా ఇంట్లో కొన్నాళ్లు మాటలుండవు. ఉండకపోతే పోనివ్వండి. పొద్దున్నే రైలుంది కదా, వెళ్లొస్తారు.