ఎదురెక్కే పరకకు దారి విడవాలి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల గ్రామసభలకు, మత్స్యకార సహకార సంఘాలకు విజ్ఞప్తి

ఆకేరు, మున్నేరు, మోరంచవాగులలోను, జనగామ వైపు వేసవికి మడుగులుగా మిగిలే ఊరవాగులలోను బతికే పరక, అంటే పుంటియస్ ప్రజాతికి చెందిన చిన్న చేప, జానెడైనా ఎదగదు కనుక దాని తిండిని, ఎదుగుదలను లెక్కలోకి తీసుకున్నవారు తక్కువ. రాళ్లమీది నాచు, కుళ్లిన ఆకుల పొడి, నీటిపురుగుల పిల్లలు దాని ఆహారం. మడుగులో విషపు మందు కలిపినప్పుడు చేపతోపాటు ఈ పురుగులు కూడా చస్తాయి కాబట్టి, తప్పించుకున్న చేపపిల్లలకు తిండి కరువవుతుంది. నీటిలో విషం కలిపి చేపలను చంపడాన్ని 1897 నాటి భారత మత్స్య చట్టమే నేరంగా పేర్కొన్నది. కొత్త చట్టం కోసం ఎదురుచూడవలసిన పని లేదు.

వాగు పారగానే పరకలు ఎదురెక్కి, గడ్డి మునిగిన పలుచని నీటిలో గుడ్లు పెడతాయి. మత్తడి కింద, చెక్‌డ్యాం కింద గుమిగూడిన ఆ తల్లి చేపలను దోమతెర వంటి సన్నకన్ను వలలతో ఎత్తివేస్తే ఆ ఏటి సంతతి అక్కడే ఆగిపోతుంది. ఎదురెక్కిన చేప పేదింటికి తేరగా దొరికే కూర అన్న వాదనలో న్యాయం లేకపోలేదు, తలతో, ముల్లుతో నమిలే చిన్న చేప సున్నపుధాతువునిచ్చే బలమైన తిండి కూడా. అయితే చేప ఒంటి తీరు మారకుండా పొడవు రెండింతలైతే బరువు సుమారు ఎనిమిదింతలవుతుంది. సన్నకన్ను వలకు చిక్కే నాలుగు సెంటీమీటర్ల పిల్లను ఎనిమిది సెంటీమీటర్లదాకా ఎదగనిస్తే, కొన్ని చచ్చిపోయినా, అదే కుటుంబానికి ఎక్కువ కూర దక్కుతుంది.

2016-17 నుంచి రాష్ట్ర ప్రభుత్వం బొచ్చె, రవ్వ వంటి చేపపిల్లలను చెరువులలో ఉచితంగా వదులుతున్నది. దానంతట అదే పుట్టే పరకకు ఖర్చేమీ అక్కరలేదు, దారి ఉంటే చాలు. కాబట్టి వాగు పారిన నాటి నుంచి ఆగస్టు ఆఖరుదాకా వాగుకు అడ్డంగా వల కట్టరాదని, మడుగులలో మందు, జిలెటిన్, కరెంటు వాడరాదని గ్రామసభలు తీర్మానించాలి. సహకార సంఘాలు సన్నకన్ను వలలను మానుకొని, ఈ వేసవిలోపే తమ సర్వసభ్య సమావేశపు పుస్తకంలో ఆ నియమాన్ని రాసుకోవాలి. కొత్తగా కట్టే ప్రతి చెక్‌డ్యాంకు చేప ఎక్కగల వాలుమెట్లను నక్షాలోనే చేర్చాలని నీటిపారుదల శాఖను అడగాలి.