తూకానికి ముందే పడుతున్న లోటు: సూరత్ తెలుగు వలస తల్లుల ఆరోగ్యంపై విశ్లేషణ

సూరత్: నెలలు నిండి పుట్టినా, నిండకుండా పుట్టినా, శిశువు బరువు 2,500 గ్రాముల కంటే తక్కువగా ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని తక్కువ జనన బరువుగా పరిగణిస్తుంది. ఆ సంస్థ, యునిసెఫ్ సంయుక్త అంచనాల ప్రకారం 2020లో ప్రపంచవ్యాప్తంగా 1.98 కోట్ల మంది శిశువులు, అంటే పుట్టిన ప్రతి ఏడుగురిలో దాదాపు ఒకరు, ఈ స్థితిలోనే కళ్లు తెరిచారు. వారిలో అత్యధికులు దక్షిణాసియా, ఆఫ్రికా ఖండాల శిశువులే. ఈ నిష్పత్తిని 2025 నాటికి 30 శాతం తగ్గించాలని 2012లో ప్రపంచ ఆరోగ్య మహాసభ తీర్మానించగా, ఆ తర్వాతి ఎనిమిదేళ్లలో తగ్గుదల నామమాత్రంగానే మిగిలింది.

భారతదేశ గణాంకాలలో ఒక వైరుధ్యం స్పష్టంగా కనిపిస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2015-16లో 78.9 శాతంగా ఉన్న ఆసుపత్రి ప్రసవాలు 2019-21 నాటికి 88.6 శాతానికి పెరిగాయి. అయితే బరువు నమోదైన శిశువులలో తక్కువ బరువుతో పుట్టినవారి వాటా రెండు సర్వేలలోనూ సుమారు 18 శాతం వద్దే నిలిచింది. ప్రసూతి గది తల్లీబిడ్డల ప్రాణాలను కాపాడగలదు గానీ, అప్పటికే తొమ్మిది నెలలుగా పేరుకున్న లోటును పూడ్చలేదని ఈ అంకెలు చెబుతున్నాయి.

సూరత్ తూర్పు భాగంలోని పర్వత్ పాటియా ఈ వైరుధ్యాన్ని అర్థం చేసుకోవడానికి తగిన ప్రదేశం. పర్వత్ పాటియా, లింబాయత్, ఉధనా ప్రాంతాలలో తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చిన నేత కుటుంబాలు, ప్రధానంగా పద్మశాలీలు, తరాలుగా స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నడుపుతున్నదంటే ఈ సమాజం ఎంత వేళ్లూనుకున్నదో గ్రహించవచ్చు. సిరిసిల్ల వాడుకలో సాంచాలుగా పిలిచే మరమగ్గాలపై పురుషులు పన్నెండు గంటల పాళీలలో పనిచేస్తుంటే, మహిళలలో పలువురు ఇంటివద్దనే చీరలకు రాళ్లు అంటించడం, లేసు కుట్టడం, దారాలు కత్తిరించడం వంటి పనులు చేస్తుంటారు. చీరల లెక్కన కూలి దక్కే ఈ పనిలో విశ్రాంతి అంటే ఆదాయ నష్టమే.

వర్ధమాన దేశాలలో తక్కువ జనన బరువుకు కారణాలేమిటన్న ప్రశ్నకు మైఖేల్ క్రామర్ 1987లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువరించిన సమీక్ష నేటికీ ప్రామాణికం. 895 అధ్యయనాలను, 43 కారకాలను పరిశీలించిన ఆ సమీక్ష, గర్భధారణకు ముందు తల్లి బరువు, ఆమె ఎత్తు, గర్భిణిగా ఉన్నప్పటి ఆహారం, మలేరియా వంటి వాటిని ముఖ్య కారణాలలో చేర్చింది. మొదటి రెండూ గర్భం దాల్చడానికి ఏళ్ల ముందే, బాల్యంలోనూ కౌమారంలోనూ నిర్ణయమయ్యేవి. బరువు తక్కువగా పుట్టి, చాలీచాలని తిండితో పెరిగిన బాలిక పొట్టిగా, బలహీనంగా తల్లి కావడం, ఆమె బిడ్డ మళ్లీ తక్కువ బరువుతో పుట్టడం ఒక విషవలయం. చిన్న వయసు పెళ్లిళ్లు, కాన్పుల మధ్య రెండేళ్ల ఎడమైనా లేకపోవడం దీనిని మరింత బిగిస్తాయి.

రక్తహీనత మరొక ప్రధాన కారణం. హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే గర్భస్థ శిశువుకు అందవలసిన ప్రాణవాయువుకు కొరత ఏర్పడే ప్రమాదం ఉంటుంది. 2019-21 సర్వేలో దేశంలోని గర్భిణులలో 52.2 శాతం మందికి రక్తహీనత ఉండగా, గుజరాత్‌లో అది 62.6 శాతం. దేశవ్యాప్తంగా 180 రోజులపాటు ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్రలు వాడినవారు 26 శాతమే. మాత్ర చేతికి అందడానికీ, కడుపులోకి వెళ్లడానికీ మధ్య ఎంతో దూరమున్నది. వికారం, మలబద్ధకం కలిగినప్పుడు ఏం చేయాలో గర్భిణికి తెలిసిన భాషలో చెప్పేవారు లేకపోతే ఆ మాత్రలు డబ్బాలోనే ఉండిపోతాయి.

శ్రమ, పొగాకు అంతగా చర్చకు రాని అంశాలు. పుణె సమీప గ్రామాలలో జరిగిన మాతృ పోషణ అధ్యయనం, ఎక్కువ శారీరక శ్రమ చేసిన గర్భిణుల శిశువులు చిన్నగా పుట్టినట్లు గుర్తించింది. ఆకుకూరలు, పండ్లు తరచుగా తిన్నవారి బిడ్డలు మెరుగ్గా ఉన్నట్లు అదే అధ్యయనం తెలిపింది. నమిలే పొగాకు వాడిన గర్భిణుల శిశువులు సగటున 105 గ్రాములు తక్కువ బరువుతో పుట్టినట్లు ముంబయిలో జరిగిన అధ్యయనం 2004లో వెల్లడించింది. మరమగ్గాల వాడలలో గుట్కా సులభంగా దొరికే సరుకన్నది విస్మరించరాదు.

ఈ కారణాలన్నిటికీ వలస మరొక చిక్కుముడిని జోడిస్తున్నది. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లడం తెలుగువారి ఆచారం. సూరత్‌లో తొలి పరీక్షలు చేయించుకున్న గర్భిణి ఏడో నెలలోనో, తొమ్మిదో నెలలోనో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వరంగల్ వైపు బయలుదేరితే, ఆమె ఆరోగ్య చరిత్ర రెండు రాష్ట్రాల మధ్య రెండు ముక్కలవుతుంది. గుజరాతీలో నింపిన మమతా కార్డును తెలంగాణలోని ఆరోగ్య కేంద్రం చదవలేకపోవచ్చు. రక్తపోటు ఎప్పుడు పెరిగింది, బరువు ఏ నెలలో ఆగిపోయింది అన్న ఆధారాలు అక్కడే తెగిపోతాయి.

పథకాలు లేకపోలేదు. గుజరాత్ 2022లో ప్రారంభించిన ముఖ్యమంత్రి మాతృశక్తి యోజన కింద నెలకు 2 కిలోల శనగలు, కిలో కందిపప్పు, లీటరు వంటనూనె అందుతాయి. తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో ఒక పూట పూర్తి భోజనం పెడతారు. కానీ ఇవన్నీ స్థానిక నమోదుతో ముడిపడినవి. రెండు చోట్లా జీవించే స్త్రీ రెండు చోట్లా జాబితాకు దూరమయ్యే ప్రమాదమున్నది. మరోవైపు 26 వారాల వేతన ప్రసూతి సెలవు కల్పించే 2017 చట్ట సవరణ, ఇంటివద్ద చీరకింతని కూలికి పనిచేసే మహిళ దరిదాపులకు చేరలేదు. జాతీయ సర్వే అంచనాలు జిల్లా స్థాయితో ఆగిపోవడంతో ఒక వాడలోని వలస తల్లుల పరిస్థితి జిల్లా సగటులో కలిసిపోతున్నది.

పరిష్కారాలు ఖరీదైనవి కావు. తొలి మూడు నెలలలోనే గర్భిణి బరువు, ఎత్తు, హిమోగ్లోబిన్ కొలిచి, ముప్పు ఉన్నవారిని వేరుగా గుర్తించాలి. తెలుగు వాడలలో తెలుగు తెలిసిన ఆశా కార్యకర్తలను నియమించాలి. పరీక్షల వివరాలు ఆమె వెంటే రాష్ట్రం దాటేలా పోషణ్ ట్రాకర్‌లోని బదిలీ సదుపాయాన్ని క్షేత్రస్థాయిలో అమలు చేయాలి. పని మానుకుంటే పోయే కూలికి ప్రసూతి సాయం కొంతైనా సాటిరావాలి. అన్నిటికంటే ముందుగా కౌమార బాలికల పళ్లెంలో పప్పు, ఆకుకూర, గుడ్డు పెరగాలి. పుట్టిన బిడ్డను తూచే నాటికి చేయగలిగింది స్వల్పం. తల్లిని సకాలంలో తూచడం మాత్రం ఏ ఆరోగ్య కేంద్రానికైనా సాధ్యమే.