తాతయ్య సూపు

మా నాన్నకు ఆవకాయ అంటే ప్రాణం. అందులోనూ టెంక ఉన్న ముక్కే కావాలి. దాన్ని చీకి చీకి, చివర్లో కటుక్కున కొరికితేగానీ ఆయనకు భోజనం చేసినట్టుండదు. చిన్నప్పుడు పక్కగదిలో చదువుకుంటున్నా సరే, ఆ చప్పుడు వినపడితే నాన్న భోజనం అయిపోవచ్చిందని మాకు తెలిసిపోయేది.

అలాంటి మనిషికి డెబ్భై రెండో ఏట, మిగిలిన పళ్లన్నీ తీసేయక తప్పదన్నారు డాక్టరు. చిగుళ్లు పూర్తిగా మానాకే కట్టుడు పళ్లు. అందాకా మెత్తటి తిండే! ఆ పని మీదే డిసెంబరులో అమ్మా నాన్నా తెనాలి నుంచి హైదరాబాదులోని మా ఇంటికొచ్చారు.

మొదటి వారం జావ, మెత్తగా పిసికిన పెరుగన్నం, అరటిపండు. రెండో వారం నుంచి నాన్న వరస మారింది. అందరం భోజనానికి కూర్చుంటుంటే ‘మీరు కానివ్వండి, నాకిప్పుడు ఆకలి లేదు’ అనేవారు. మేం లేచాక వంటింట్లోకి వెళ్లి, గోడవైపు తిరిగి కూర్చుని రెండు ముద్దలు తినేసి వచ్చేవారు. నాకేమీ అర్థం కాలేదు. అమ్మే చెప్పింది... ‘బోసినోటితో మనవడి ముందు తినడం ఆయనకి నామోషీగా ఉందే. అందరి కంచాల్లో ఒకటి, తన కంచంలో ఒకటి వడ్డిస్తుంటే పసిపిల్లాడికి గుజ్జన్నం పెట్టినట్టుందట!’

అప్పటికే ఆయన బెల్టుకి కొత్తగా ఓ కన్నం పొడిచాం.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాకు సూపు ఆలోచన వచ్చింది. మన ఇళ్లలో సూపంటే ఏముంది చెప్పండి... హోటల్‌కెళ్తే స్వీట్‌కార్న్, పెళ్లి విందులో ఎర్రటి టమాటా. మరీ ముచ్చటపడితే పొడి ప్యాకెట్టు చించి వేణ్నీళ్లలో కలపడం. నేనూ అంతే. కాకపోతే ఇదేమంత బ్రహ్మవిద్య అనుకున్నా. ఫ్రిజ్‌లో ఉన్నవన్నీ తీశా. క్యారెట్, బీన్స్, క్యాబేజీ, ఓ కట్ట పాలకూర, రెండు బంగాళదుంపలు. అన్నీ కుక్కర్లో పడేసి, అయిదు విజిల్స్ రానిచ్చి, పొగలు కక్కుతుండగానే మిక్సీ జార్‌లో నిండా పోసి మీట నొక్కా.

ఢామ్మంది! మూత ఎగిరింది. గోడ మీది క్యాలెండరులో సగం నెల సూపులో మునిగిపోయింది. చేతి మీద పడకపోవడం నా అదృష్టం. జార్‌లో మిగిలినదాన్ని గిన్నెలో పోసి చూస్తే బురద రంగు. పైగా జిగురు. బీన్స్ పీచు నోటికి దారాల్లా తగులుతోంది. నాన్న ఓ చెంచా తాగి, మర్యాదగా కింద పెట్టి, ‘సున్నంలో ఏం కలిపావమ్మాయ్?’ అన్నారు.

మా అపార్ట్‌మెంటు కింది అంతస్తులో ఓ పెద్దాయన ఉంటారు. ముప్ఫయ్యేళ్లు హోటళ్లలో వంట చేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. మర్నాడు ఆయన దగ్గరకెళ్లి నా గోడు వెళ్లబోసుకున్నా. ఆయన నవ్వి, ‘సూపంటే మిగిలిన కూరగాయల సంత కాదమ్మా! మూడే మూడు చూసుకో. రుచికి ఏది? చిక్కదనానికి ఏది? పులుపుకి ఏది? నాలుగోది వేశావంటే ఒకదాన్నొకటి తినేస్తాయి’ అన్నారు.

ఆ తర్వాత నేను చేసిన తప్పులన్నీ వరసగా చెప్పారు. ఎర్రటి క్యారెట్టూ పచ్చటి పాలకూరా కలిస్తే రంగు చెడుతుందట. క్యాబేజీని ఎక్కువసేపు ఉడికిస్తే వాసనేస్తుంది. ఉడికిన బంగాళదుంపను మిక్సీలో గట్టిగా తిప్పితే అందులోని పిండిపదార్థం బయటకొచ్చి జిగురైపోతుంది. మరి చిక్కదనం ఎలా వస్తుంది, కార్న్‌ఫ్లోర్ కలపాలా అనడిగా. ‘మీ డబ్బాలో పెసరపప్పు లేదా?’ అన్నారు. అంతే, నాకు కళ్లు తెరుచుకున్నాయి.

ఆయన చెప్పింది, నేను నాలుగుసార్లు చేసి సరిచేసుకున్నదీ కలిపి చెబుతున్నా. నలుగురికి నాలుగు గిన్నెలవుతుంది. తియ్యగుమ్మడికాయ ముక్కలు పావుకిలో, క్యారెట్లు రెండు, బాగా పండిన టమాటాలు రెండు, ఓ పెద్ద ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, రెండు పెద్ద చెంచాల పెసరపప్పు. కొలతలు కాస్త అటూ ఇటూ అయినా పర్వాలేదుగానీ, ఉల్లిపాయ దగ్గర మాత్రం తొందరపడకండి. అసలు రుచంతా అక్కడే ఉంది.

కుక్కర్లో రెండు చెంచాల నెయ్యి వేసి, వేడయ్యాక ఉల్లిపాయ ముక్కలు, చిటికెడు ఉప్పు వేయాలి. మంట బాగా తగ్గించేయాలి. ఉప్పు తగిలితే ఉల్లిపాయలోంచి నీరు బయటికొస్తుంది. ఆ నీటిలోనే అది మెత్తబడి అద్దంలా అవుతుంది. ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. ఎర్రగా వేగనివ్వకూడదు. కూరకు ఆ వాసన బావుంటుందిగానీ సూపుకి చేదొస్తుంది. అప్పుడు వెల్లుల్లి, క్యారెట్, గుమ్మడి ముక్కలు వేసి ఇంకో మూడు నిమిషాలు కలపాలి. నెయ్యి రుచికి మాత్రమే కాదు. క్యారెట్‌కీ గుమ్మడికీ ఆ పసుపు రంగునిచ్చే బీటా కెరోటిన్ కొవ్వులో కరుగుతుంది. కాస్త నెయ్యో నూనో తోడుంటేనే ఒంటికి బాగా పడుతుంది. తర్వాత కడిగిన పెసరపప్పు, టమాటాలు వేసి, రెండున్నర గ్లాసుల నీళ్లు పోసి మూడు విజిల్స్ రానివ్వాలి.

ఇక్కడే ఆగండి! వేడి పదార్థాన్ని మూసిన జార్‌లో తిప్పితే లోపల ఒక్కసారిగా ఆవిరి పెరిగి మూతను తన్నేస్తుంది. మా క్యాలెండరుకి పట్టిన గతి అదే. వేలు పెడితే ఓర్చుకోగలిగేంత చల్లారాకే మిక్సీలో వేయాలి. అదీ సగం జార్‌కి మించకుండా.

ఇంకో చిన్న కిటుకు. ఉడికించిన నీళ్లన్నీ జార్‌లో పోసేయకండి. నీళ్లు వంచి పక్కన పెట్టుకుని, ముందు ముక్కలను కాసిని నీళ్లతోనే తిప్పండి. నీళ్లెక్కువైతే ముక్కలు బ్లేడుకి దొరక్కుండా తప్పించుకుంటాయి. చిక్కగా ఉంటే వెన్నలా నలుగుతాయి. ఆ తర్వాత పక్కనపెట్టిన నీళ్లతో కావలసినంత పల్చన చేసుకుని, పొయ్యి మీద ఓ పొంగు రానిచ్చి, సరిపడా ఉప్పు, అప్పటికప్పుడు దంచిన మిరియాల పొడి వేయాలి. దించాక నాలుగు చుక్కల నిమ్మరసం. వడకట్టాలా అంటారా? చిగుళ్లు నొప్పిగా ఉన్నవాళ్లకైతే టమాటా తొక్కలూ గింజలూ గుచ్చుకోకుండా మొదటి రోజుల్లో వడకట్టండి. మిగతావాళ్లకు వద్దు. పీచు పదార్థాన్ని చేజేతులా పారబోసుకోవడం దేనికి?

ఆ రాత్రి కంచాలు పెట్టలేదు. నాన్నకు, అమ్మకు, మా వారికి, మా బాబుకు, నాకు... అందరికీ ఒకేరకం గిన్నెలు, ఒకేరకం చెంచాలు పెట్టా. మాకు పక్కన రొట్టె ముక్కలున్నాయి, అంతే తేడా. నాన్న ఎప్పటిలాగే ‘మీరు కానివ్వండి’ అనబోయి గిన్నెలవైపు చూశారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మా ఎనిమిదేళ్లవాడు సుర్రుమని జుర్రితే నేను కళ్లెర్రజేశా. ఈలోగా అటుపక్క నుంచి అంతకంటే పెద్ద చప్పుడు! తాతా మనవళ్లకు పోటీ మొదలైంది. నాన్న రెండో గిన్నె అడిగారు. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. కళ్లు తుడుచుకోవడానికని నాకు తెలుసు. ‘మిరియాల డబ్బా కోసం’ అని చెప్పింది.

పొట్టలో వెచ్చగా పడ్డాక నాన్నకు మాటలొచ్చాయి. ‘ఇదేమన్నా కొత్తా? బొబ్బట్లు చేసిన రోజు శనగపప్పు ఉడికిన కట్టుతో మా అమ్మ చారు కాచేది. గ్లాసులో పోసుకుని తాగేవాళ్లం’ అన్నారు. నిజమే! మిరియాల చారుకైతే ఇంకా పెద్ద కథే ఉంది. మద్రాసులో కాపురమున్న ఇంగ్లిషు దొరలకు భోజనానికి ముందు సూపు పడాలి. మన వడ్డనలో అలాంటిదేదీ లేదు. అన్నంలోకి పోసుకునే మిరియాల చారే వాళ్ల బల్లమీదికి సూపుగా వెళ్లింది. తమిళంలో మిళగు అంటే మిరియం, తణ్ణీరు అంటే నీళ్లు. ఆ రెండు మాటలూ కలిసి దొరల నోట ‘ములగటానీ’ అయింది. పప్పూ మాంసం చేరి చిక్కబడి, ఓడలెక్కి ఇంగ్లండు దాకా పోయింది. మనమేమో పొడి ప్యాకెట్టు కొనుక్కుంటున్నాం!

ప్యాకెట్ల మాట వచ్చింది కాబట్టి... వాటిమీద నాకు పగేమీ లేదు. కానీ కొనేముందు వెనకవైపు సోడియం ఎంతుందో చూడండి. ఆ అంకెను రెండున్నరతో గుణిస్తే ఉప్పు లెక్క వస్తుంది. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు, అంటే సుమారు ఓ చెంచా మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లోనూ ఇదే మాట ఉంది. రక్తపోటు ఉన్న పెద్దవాళ్ల ఇళ్లలో ఈ లెక్క తప్పనిసరి. ఇంట్లో చేసుకుంటే ఉప్పు మన చేతిలో ఉంటుంది, నిమ్మరసం పిండితే తక్కువ వేసినా తెలియదు.

పళ్లు తీయించుకున్నవాళ్ల విషయంలో మాకు డాక్టరు చెప్పిన జాగ్రత్తలు కూడా రాస్తున్నా. తీసిన రోజు వేడివేడిగా ఏదీ తాగకూడదు. స్ట్రా అసలు వాడకూడదు. పీల్చినప్పుడు పన్ను తీసినచోట గడ్డకట్టిన రక్తం ఊడి వస్తే నొప్పి మళ్లీ మొదటికొస్తుంది. గోరువెచ్చగా, చెంచాతోనే తాగాలి. పక్షవాతం వచ్చి మింగడం కష్టమైనవాళ్లకు మాత్రం సొంత వైద్యం వద్దు. పల్చటివి ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉంది. ఎంత చిక్కగా ఇవ్వాలో డాక్టరే చెప్పాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు టమాటా, గుమ్మడి, పాలకూరల్లో ఉండే పొటాషియం గురించి అడిగి తెలుసుకోవాలి. ఇంకో సంగతి, కూరగాయల నీళ్లతోనే మనిషి కోలుకోడు. అందుకే పెసరపప్పు మానొద్దంటున్నా. గుడ్డు తినేవాళ్లయితే మెత్తగా ఉడికించి పక్కన పెట్టొచ్చు.

గుమ్మడి మొహం మొత్తాక వేరేవీ చేశాం. ఆనపకాయకు పెసరపప్పు, జీలకర్ర జోడీ. మునక్కాయలైతే ఉడికించి, చెంచాతో గుజ్జు గీకి తీసుకుని తిప్పాలి. దీన్ని మాత్రం వడకట్టక తప్పదు. పాలకూరను చివర్లో వేసి, మూతపెట్టకుండా రెండు నిమిషాలు మగ్గనిస్తే పచ్చదనం పోదు. అందులో టమాటా వేస్తే ఆ పచ్చదనం కాస్తా పోతుంది. బీట్‌రూట్ చేసిన రోజు మా వాడు ‘రక్తం! రక్తం!’ అని ఇల్లంతా పరిగెత్తాడు. నాన్న మళ్లీ ఆ రంగు చూపించొద్దన్నారు. మిగిలితే చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడే వాడేయండి. పప్పు ఉంది కాబట్టి ముద్దలా బిగుస్తుంది. కాసిని వేణ్నీళ్లు కలిపి బాగా మరిగించాలి.

ఫిబ్రవరి చివర్లో కట్టుడు పళ్లొచ్చాయి. బెల్టు పాత కన్నానికి వచ్చేసింది. అమ్మా నాన్నా తెనాలి వెళ్లిపోయారు. మే నెలలో కొత్తావకాయ కలిపాక ఫోన్ చేసి, టెంక సంగతేంటని అడిగా. ‘చీకడం వరకే. కొరకడం నీ కొడుక్కి నేర్పిస్తాలే’ అన్నారు నాన్న.

ఇప్పుడక్కడ శనివారం రాత్రి సూపు. పెరట్లో గుమ్మడి పాదు కూడా పెట్టారట. ఏడు గంటలయ్యేసరికి అమ్మ దగ్గర్నుంచి ఫోనొస్తుంది. ‘విజిల్స్ మూడా, నాలుగా?’

వెనక నుంచి నాన్న గొంతు... ‘మూడేనని ఎన్నిసార్లు చెప్పాలి నీకు!’