బదిలీ కాగితంలో లేని పేరు



మేము ఈ ఊరు వచ్చి మూడు నెలలైంది. మీలో చాలామంది మా ఇంటికి వచ్చారు. ప్రార్థన కోసం వచ్చినవారికంటే పిల్లిని చూడటానికి వచ్చినవారే ఎక్కువంటే మీరు నొచ్చుకోరని అనుకుంటున్నాము. "ఇక్కడ పిల్లులు నేవేటి అయ్యగారూ, హైదరాబాదు నుంచి మోసుకొచ్చీసినారు?" అని ఎదురింటి మామ్మగారు మొదటి రోజే అడిగేశారు. అప్పుడు నవ్వి ఊరుకున్నాము. ఈ వారం జవాబు రాస్తున్నాము. జవాబు కొంచెం పొడుగు.

మేము మూడేళ్ళు ఉన్నది ఉస్మాన్‌గంజ్‌లో. అఫ్జల్‌గంజ్, బేగంబజార్, ఉస్మాన్‌గంజ్ ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి. మూసీకి ఇవతలి గట్టు, ఇమ్లీబన్ బస్టాండు నడిచి పోయేంత దూరం. ఎండుమిర్చి, పసుపు, జీలకర్ర, చింతపండు, పప్పులు, అన్నీ టోకు బేరమే. కొత్తగా వచ్చినవాళ్ళు తుమ్ముతూనే ఉంటారు, వారం పోతే అలవాటవుతుంది. మా చిన్నవాడికి మూడేళ్ళూ అలవాటు కాలేదు. బస్తాలు మోసే హమాలీ కుటుంబాలు ఓ పాతిక మా చిన్న ప్రార్థనా కూటానికి వచ్చేవి. మేము ఒక గోడౌను మీది రెండు గదుల్లో అద్దెకుండేవాళ్ళము.

కింద గోడౌనులో పిల్లి ఉండేది. గంజ్‌లో పిల్లి ముచ్చటకు పెంచుకునేది కాదు, అదీ ఒక పనివాడే. ఎలుక తినేది పిడికెడే గాని, పది బస్తాలు కొరికి పోతుంది. కన్నం పడిన బస్తాలోంచి సరుకు కారిపోతుంది, మిగిలినది మురికైపోతుంది. అందుకే పొద్దున్నే గల్లాపెట్టె తెరవకముందే గుమస్తా ఆ పిల్లికి పాలు పోసేవాడు. జీలకర్ర బస్తాల మధ్య పుట్టింది, ఒంటి రంగూ అదే, చారలూ అవే. హమాలీలు 'జీరా' అని పిలిచేవారు.

రెండేళ్ళ కిందట ఆ గోడౌను అమ్మేశారు. షట్టరు దించేశారు. బస్తాలు పోయాయి, గుమస్తా పోయాడు, ఎలుకలూ పోయాయి. జీరా మాత్రం మెట్లెక్కి మా గుమ్మం ముందు కూర్చుంది. మేము పిలవలేదు. మా ఇంటావిడ ఒక పళ్ళెంలో ఇంత పెరుగన్నం పెట్టింది, అంతే.

ఈ ఏడు ఎండాకాలంలో మాకు బదిలీ వచ్చింది. ఉస్మాన్‌గంజ్ నుంచి టెక్కలి ప్రాంతానికి, ఏడు వందల కిలోమీటర్లకు పైనే. సామాను డీసీఎం బండిలో, మనుషులము ఒక విశ్వాసి ఇచ్చిన కారులో. జీరాను వదిలేసి రావాలని మేమే నిర్ణయించాము. మేము అంటే ఇక్కడ ఇంటి పెద్ద, పాస్టరు. మిగిలిన ముగ్గురినీ అడగలేదు. పిల్లలు ఏడుస్తుంటే మేము చెప్పిన మాట మీరు ఊహించగలరు. "దేవుడు చూసుకుంటాడు" అన్నాము.

ఒక హమాలీ అన్న మెట్ల మీద కూర్చుని అడిగాడు: "పాస్టర్ సాబ్, మీరు పోయినంక దీన్నెవరు సూస్తరు?" ఆయనకూ అదే మాట చెప్పాము. ఆయన ఏమీ అనలేదు, తలపాగా విప్పి దులుపుకుని పోయాడు.

ఆ రాత్రి గిన్నెలు సర్దుతూ మా ఇంటావిడ అంది: "పదహారేళ్ళలో ఐదు బదిలీలు. ఒక్క కాగితంలోనూ నా పేరు లేదు. దీని పేరూ లేదు. అయినా నేను వచ్చాను గదా, ఇదీ వస్తుంది." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే మేము వాదించేవాళ్ళమేమో.

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని అంటారు. పాస్టరు తన పిల్లల్ని ఎన్ని ఇళ్ళు తిప్పుతాడో ఎవరూ లెక్క పెట్టరు. కాని పిల్లి మెడ పట్టుకుని ఒక్కొక్కదాన్నే మోసుకుపోతుంది, దేన్నీ వెనక ఇంట్లో వదిలిపెట్టదు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఉస్మాన్‌గంజ్‌కు రాకముందున్న ఊళ్ళో మాకొక కుక్క ఉండేది. వదిలేసి వచ్చాము, అప్పుడూ అదే మాట చెప్పి. మా తర్వాత వచ్చిన పాస్టరుగారు ఫోనులో యథాలాపంగా అన్నారు, అది చాలా రోజులు మందిరం అరుగు మీదే పడుకుని, బండి చప్పుడైనప్పుడల్లా లేచి చూసేదట. తర్వాత కనబడలేదట. ఆ మాట మేము ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడే చెబుతున్నాము.

దేవుడు చూసుకోడని మేము అనడం లేదు. ఆయన చూసుకుంటాడు, మా విశ్వాసం అదే. కాని మన చేతిలో ఉన్న పనిని దించేసుకోవడానికి ఆ మాటను వాడుకుంటే అది విశ్వాసం కాదు, బస్తాను పక్కవాడి వీపు మీదికి తోసేయడం. జంతువును అన్నం నీళ్ళు దొరకని చోట కారణం లేకుండా విడిచిపెట్టడం ఈ దేశంలో నేరం, 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలోనే ఉంది. మొదటిసారి పట్టుబడితే జరిమానా 50 రూపాయలకు మించదు. పిల్లిని తీసుకెళ్ళడానికి మేము కొన్న ప్లాస్టిక్ క్రేట్లకు అంతకంటే ఎక్కువే అయింది. చట్టం చెప్పింది గనుక చేయమని మేము ఎవరికీ బోధించబోము. చట్టానికి కూడా తెలిసిన సంగతి మనకు తెలియకపోతే ఎలా అన్నదే మా మాట.

మన అరవై ఆరు పుస్తకాల్లో ఇంటి పిల్లి ప్రస్తావన ఎక్కడా లేదు. పిల్లిని ప్రేమించే విశ్వాసులకు ఇదొక చిన్న దిగులు. ప్రయాణం గురించి మాత్రం చాలా ఉంది. ఆదికాండము ముప్పై మూడో అధ్యాయం తెరవండి. ఏశావు నాలుగు వందల మందితో ఎదురొచ్చి, కలిసి పోదాం పదమన్నాడు. యాకోబు ఒప్పుకోలేదు. పిల్లలు పసివాళ్ళు, మందలో పాలిచ్చేవి ఉన్నాయి, ఒక్కరోజు తొందరపెట్టి తోలితే చచ్చిపోతాయి, వాటి నడకను బట్టి మెల్లగా వస్తానన్నాడు. ఆ తర్వాత అతడు అన్న వెనక శేయీరుకు పోనేలేదు, సుక్కోతుకు మళ్ళాడు. అది సాకేనని మేము సెమినరీలో చదువుకునేటప్పుడే ఒక గురువుగారు చెప్పారు. సాకే అయ్యుండవచ్చు. కాని సుక్కోతుకు చేరగానే తనకు ఇల్లు కట్టుకున్నాడు, పశువులకు పాకలు వేశాడు. ఆ పాకల వల్లే ఆ ఊరికి ఆ పేరు వచ్చింది. ఇంటి పేరు మీద కాదు, పాకల పేరు మీద.

ఇక ప్రయాణం. నారాయణగూడ పశువుల ఆసుపత్రిలో రేబీస్ టీకా వేయించాము. అక్కడ డాక్టరమ్మ చెప్పినవి గుర్తుపెట్టుకుని వచ్చాము: బయలుదేరే ముందు నాలుగైదు గంటలు మేత వద్దు, నీళ్ళు ఇవ్వండి, పెట్టెకు పైన గుడ్డ కప్పండి, ఒడిలో పెట్టుకుని కూర్చోవద్దు. కూరగాయల క్రేట్లు రెండు మూతికి మూతి పెట్టి సుతిలితో కట్టాము. లోపల గోడౌనులో మిగిలిన ఒక పాత గోనె సంచి పరిచాము. జీలకర్ర వాసన ఇంకా దానిలో ఉంది. ఇంటిని పిల్లి ముక్కుతోనే గుర్తుపడుతుంది, అందుకే ఆ గోనె.

ఎవరో పెద్దమనిషి, సగం పారాసిటమాల్ వేయండి, దారంతా నిద్రపోతుంది అన్నారు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. మనకు జ్వరం దించే ఆ బిళ్ళ పిల్లికి విషం. దాని కాలేయం ఆ మందును తట్టుకోలేదు, సగం బిళ్ళకే ప్రాణం పోవచ్చు.

తెల్లవారుజామున మూడింటికి బయలుదేరాము. పగలు సిటీలోకి పెద్ద లారీలను రానివ్వరు గనుక గంజ్‌లో దింపుడు పని రాత్రుళ్ళే నడుస్తుంది. హమాలీలు మెలకువగానే ఉన్నారు. ఒక విశ్వాసి మాత్రం, "పిల్లి ఎదురొస్తేనే ఆగుతారు, మీరు పక్కనే కూర్చోబెట్టుకుని పోతున్నారేంటి" అని నవ్వాడు. ఆయన నవ్వాడు గాని, మనలో పిల్లి ఎదురొస్తే చెప్పులు విడిచి ఓ నిమిషం కూర్చుని, పైకి మాత్రం ప్రార్థన చేసుకున్నానని చెప్పేవారు ఎంతమంది లేరు?

పంతంగి టోలుగేటు దాకా జీరా అరుస్తూనే ఉంది. తర్వాత ఉలుకూ పలుకూ లేదు. అరుపు కంటే అది ఎక్కువ భయపెట్టింది. సూర్యాపేట దాటాక గుడ్డ తొలగించి చూస్తే నోరు తెరిచి రొప్పుతోంది. కుక్క రొప్పితే మామూలే. పిల్లి రొప్పితే ప్రమాదం, దానికి చెమట పట్టేది అరికాళ్ళలోనే. బండి నీడన ఆపి, కిటికీలు ఎత్తి ఏసీ పెంచి, తడిగుడ్డతో కాళ్ళు తుడిచాము. ముప్పావుగంట పట్టింది. లోపల పాడుచేసింది కూడా. మేము విసుక్కున్నాము. పెద్దమ్మాయి ఏమీ అనకుండా గోనెను ఓ పక్కకు మడిచి, కింద పాత న్యూస్‌పేపరు వేసింది.

మొదటి రాత్రి రావులపాలెం దగ్గర ఒక తోటి సేవకుని ఇంట్లో దిగాము. అరటిగెలల లారీల మధ్య నుంచి ఆ ఇల్లు చేరేసరికి అందరమూ వాలిపోయి ఉన్నాము. మరునాడు మూడింటికి లేచి చూస్తే జీరా బీరువా వెనక దూరి ఉంది. పిలిస్తే రాదు, చేయి పెడితే గీరింది. ఎండ ముదరకముందే అనకాపల్లి దాటాలని మా తొందర. నాలుగున్నరకు మా నోటినుంచి ఆ మాట వచ్చేసింది: "ఇక్కడే వదిలేసి పోదాం, వీళ్ళు చూసుకుంటారు." దేవుడి చోట ఆ ఇంటివాళ్ళు వచ్చారు, అంతే తేడా.

ఎవరూ కదల్లేదు. మా ఇంటావిడ బీరువా పక్కన నేల మీద కూర్చుని ఆ గోనె సంచిని పరిచి, చేయి తీసేసి, అటు తిరిగి కూర్చుంది. దాని వంక చూడను కూడా చూడలేదు. అరగంటకు జీరా తనంతట తానే వచ్చి గోనె మీద పడుకుంది. పిల్లిని పట్టుకోవడం ఎలాగో ఆ రోజు మాకు తెలిసింది. కొందరు సంఘస్థుల విషయంలో కూడా ఇదే పద్ధతి పనికొస్తుందని తర్వాత తట్టింది, పేర్లు రాయము.

ఊరు చేరాక డాక్టరమ్మ చెప్పినట్టే ఇల్లంతా ఒక్కసారి చూపించకుండా సామాన్ల గదిలో రెండు వారాలు ఉంచాము. వెంటనే బయటికి వదిలితే పాత ఇంటిని వెతుక్కుంటూ పోయి దారి తప్పుతుంది. మొదటి ఒకటిన్నర రోజు ఏమీ ముట్టలేదు. పిల్లి రెండు మూడు రోజులు తిండి మానితే కాలేయం చెడుతుందని ముందే విన్నాము గనుక భయపడ్డాము. పెరుగన్నం పెట్టాము, గుడ్డు పెట్టాము, వాసన కూడా చూడలేదు. అప్పుడు ఎదురింటి మామ్మగారు, పిల్లులు నేవేటి అని అడిగినావిడే, నాలుగు ఎండు మెత్తళ్ళు తెచ్చి, ఉప్పు పోయేదాకా నీళ్ళలో కడిగి తలుపు సందులోంచి తోశారు. తినేసింది. ఆవిడ గుమ్మంలోనే కూర్చుని తన ఇద్దరు కొడుకుల గురించి చెప్పడం మొదలుపెట్టారు. ఒకరు చెన్నైలో, ఒకరు హైదరాబాదులో.

ఇప్పుడు దూరాన ఉన్న బిడ్డలారా, మీతో ఒక మాట. మన జిల్లా నుంచి వలస పోని ఇల్లు లేదు. అందులో తప్పు లేదు, బతుకుతెరువు. మేమూ జీతం ఉన్నచోటికి పోయేవాళ్ళమే. కాని ఇక్కడికి వచ్చాక ఇల్లిల్లూ తిరిగితే, తాళం వేయని ఇళ్ళలో సగం ముసలివాళ్ళ ఒంటరి ఇళ్ళే. "అమ్మకు ఊరు విడిచి ఉండలేదు" అని మీరు ఫోనులో చెబుతారు. నిజమే కావచ్చు. అడిగి చెబుతున్నారా, అడగకుండా చెబుతున్నారా? రానంటే సరే, గౌరవించండి. కాని అడగకముందే బండి మాట్లాడుకుని, సామాను ఎక్కించి, చివర్లో గుమ్మంలో నిలబడి "దేవుడు చూసుకుంటాడమ్మా" అని పోతే, ఆ మాట మా నోటినుంచి కూడా రెండుసార్లు వచ్చింది గనుక దాని రుచి మాకు తెలుసు. పైగా ఆ తర్వాత ఆ అమ్మను చూసేది ఎదురింటివాళ్ళు. ఒక జ్వరం మాత్ర తేవడానికి పక్కవాళ్ళ పిల్లాడిని బతిమాలుకునే తల్లులను ఈ మూడు నెలల్లోనే నలుగురిని చూశాము.

సంఘ పెద్దలకు కూడా ఒక మనవి. వచ్చే బదిలీల కాలంలో కాగితం రాసేటప్పుడు పాస్టరమ్మను కూడా పిలిచి కూర్చోబెట్టి అడగండి. పిల్లల బడి ఎక్కడ, మందులు వాడే పెద్దవాళ్ళున్నారా, ఎండలో ప్రయాణం చేయగలరా అని. పిల్లి సంగతి మేము చూసుకుంటాము.

మా ఇంటావిడ దీన్ని చదివి, కుక్క సంగతి దగ్గర ఆగిపోయింది. కాగితం మడిచి ఇచ్చేసి వంటింట్లోకి వెళ్ళింది. ఇంకా మాట్లాడలేదు.

మొన్న ఆదివారం ఆరాధన తర్వాత ఉస్మాన్‌గంజ్ నుంచి హమాలీ అన్న ఫోను చేశాడు. వెనక లారీ హారన్లు వినబడుతున్నాయి, ఎవరో తుమ్ముతున్నారు. "జీరా ఎట్లున్నది పాస్టర్ సాబ్?" అని అడిగాడు. ఎలకను పట్టిందని చెప్పాము. చాలాసేపు నవ్వాడు. ఆ తర్వాతే, అమ్మగారు బాగున్నారా, పిల్లలు బాగున్నారా అని అడిగాడు. మా సంగతి అడగడం మరిచిపోయి ఫోను పెట్టేశాడు.